చలికాలపు పొడి గాలిలో పాత ఫోటోల పెట్టెను ఎలా తెరవాలి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అవి తగ్గాక, సంక్రాంతి మొదలుకొని చలి శివశివా అంటూ వెళ్లిపోయే శివరాత్రి దాకా ఉండే పొడి రోజులే పాత ఫోటోల పెట్టెను తెరవడానికి తగిన కాలం. ఈశాన్య వానలు సరిగా పడని సంవత్సరాల్లో ఈ పొడితనం డిసెంబరులోనే మొదలవుతుంది. ఇటు వానాకాలపు బూజు, అటు ఏప్రిల్, మే నెలల వేడి రెండూ లేని రోజులివి. అయితే ఇదే పొడి గాలిలో పాత ఫోటో కాగితం అప్పడంలా పెళుసెక్కి ఉంటుందన్న సంగతిని చాలామంది గమనించరు. కాబట్టి ఈ కాలంలో ఫోటోలను వేరు చేయడం, పేర్లు రాసుకోవడం, నకళ్లు తీయడం, మంచి కవర్లలోకి మార్చడం వంటి పనులు నిశ్చింతగా చేసుకోవచ్చు. వంచడం, సాగదీయడం, అతుక్కున్నదాన్ని బలవంతంగా ఊడదీయడం మాత్రం చేయకూడదు.

ఇందుకు కారణం ఫోటో నిర్మాణంలోనే ఉంది. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ కాగితం మీద నేరుగా ఉండదు. కాగితం పైన పూసిన జెలటిన్ అనే జిగురు పదార్థపు పలుచని పొరలో వెండి రేణువుల రూపంలో ఉంటుంది. జెలటిన్ గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, తేమ పోతే ముడుచుకుంటుంది. కాగితం కూడా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది కానీ జెలటిన్ అంతగా కాదు. అందుకే ఎండిన గాలిలో ఫోటో బొమ్మ వైపుకు చుట్టుకుంటుంది. గాలిలో తేమ ముప్ఫై శాతం కన్నా తగ్గితే జెలటిన్ పొర పగిలే స్థితికి వస్తుంది. అరవై ఐదు శాతం దాటి చాలా రోజులు నిలిస్తే బూజు మొదలవుతుంది. ముప్ఫై నుంచి యాభై శాతం మధ్య ఉంటే ఫోటో క్షేమంగా ఉంటుంది. తేమను చూపే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఫోటోలు ఎక్కువగా ఉన్న ఇంట్లో ఒకటి కొని బీరువాలో పెట్టుకోవడం దండగ కాదు.

పనికి కూర్చునే ముందు

తెల్లవారుజామున మంచు పడే రోజుల్లో ఉదయం గాలిలో తేమ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి పదింటికి మొదలుపెట్టి మూడింటికి ముగించుకోండి. నేల మీద కాకుండా మంచం మీదనో వెడల్పాటి బల్ల మీదనో ఉతికి ఆరేసిన తెల్ల నూలు పంచెను పరచండి. ఫ్యాను ఆపేయండి. కిటికీ వెలుతురు పక్క నుంచి పడాలి గాని, ఎండ నేరుగా ఫోటోల మీద పడకూడదు. వడియాలు, ఒరుగులు ఎండబెట్టిన అలవాటుతో ఫోటోలను కూడా మిద్దె మీద ఆరబెట్టే వాళ్లున్నారు. గంట ఎండకు కాగితం దోనెలా ముడుచుకుంటుంది, రంగు ఫోటోలైతే వెలిసిపోవడం కూడా మొదలవుతుంది.

చలికాలంలో చేతులు పగులుతాయని అందరం కొబ్బరి నూనె గాని, క్రీము గాని రాసుకుంటాం. ఆ జిడ్డు ఫోటో మీద పడితే వేలిముద్రలు ఆ పొరలోకి దిగి, కొన్నేళ్ల తరువాత గోధుమ రంగు మచ్చలుగా తేలుతాయి. సబ్బుతో చేతులు కడుక్కుని, పూర్తిగా తుడుచుకుని, ఆ పూట నూనె మానుకోండి. ఫోటోను రెండు చేతులతో అంచులు పట్టుకుని ఎత్తాలి. చుట్టుకుపోయిన ఫోటో కింద అట్ట ముక్కను జరిపి, దానితో సహా ఎత్తడం ఇంకా మంచిది. కాఫీ, నీళ్లు ఆ బల్ల దగ్గరికి రాకూడదు.

మొదటి పని, మూడు కుప్పలు

పెట్టెలో ఉన్నవన్నీ ఒకేసారి కుమ్మరించవద్దు. ఏ ఫోటో పక్కన ఏది ఉందో, ఏ కవరులో ఎన్ని ఉన్నాయో అన్నదే ఒక్కోసారి వాటి కాలాన్ని చెప్పే ఏకైక ఆధారం. కవరు కవరుగా తీస్తూ, బాగున్నవి ఒక వైపు, చుట్టుకున్నవి లేదా పగుళ్లు వచ్చినవి ఒక వైపు, బూజు పట్టినవి వేరే గదిలో పెట్టండి. రబ్బరు బ్యాండ్లు ఉంటే కత్తిరించి తీసేయండి, లాగవద్దు. రబ్బరులోని గంధకం ఫోటోలోని వెండిని నల్లబరుస్తుంది. తుప్పు పట్టిన పిన్నులనూ, క్లిప్పులనూ పక్కకు లాగకుండా, కింద పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి మెల్లగా విప్పండి.

బూజు విషయంలో పొడి కాలం మనకు కలిసొస్తుంది. వానాకాలంలో జిగటగా ఉండే బూజు ఇప్పుడు పొడిలా మారి ఉంటుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆ ఫోటోలను వరండాలోకి తీసుకెళ్లి, మెత్తటి బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు ఒక్కో గీతగా దులపండి. తడి గుడ్డతో మాత్రం తుడవకూడదు, ఎందుకంటే బూజు ఇప్పటికే తినేసిన జెలటిన్ నీటికి కరుగుతుంది, బొమ్మ గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో నీళ్లు చేరిన ఇళ్లలో తడిసి, ఒకదానికొకటి అతుక్కుని, అలాగే ఎండిపోయిన ఫోటోల కట్టలు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. వాటిని గోటితో విడదీసే ప్రయత్నం చేయకండి. కట్టను కట్టగానే కాగితంలో చుట్టి, పైన ఏమి కనిపిస్తోందో రాసి, ఫోటోల సంరక్షణ తెలిసిన నిపుణుల చేతికి వెళ్లే దాకా పొడిగా ఉంచండి.

పొడి గాలిలో మరొక చిక్కు ఉంది. సిల్కు, పాలిస్టరు బట్టలను ముట్టుకుంటే చిటపటలాడే రోజుల్లో ప్లాస్టిక్ కవర్లూ, నెగటివులూ దుమ్మును పట్టి లాక్కుంటాయి. పెచ్చులు లేస్తున్న ఫోటోను అటువంటి ప్లాస్టిక్ కవరులో దూర్చితే లేచిన పెచ్చు కవరుకు అంటుకుపోతుంది. పగిలిన వాటికీ, స్టూడియోలో చేత్తో బుగ్గలకూ చీర అంచుకూ రంగులద్దిన నలుపు తెలుపు ఫోటోలకూ కాగితపు కవరే వాడండి.

చుట్టుకున్న ఫోటోలను ఏం చేయాలి

కొద్దిగా వంగిన ఫోటోను ఏమీ చేయనక్కరలేదు. రెండు తెల్లటి అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన ఒక బరువైన పుస్తకం ఉంచి మరిచిపోతే నెల రోజుల్లో అదే సర్దుకుంటుంది.

గొట్టంలా చుట్టుకుపోయిన నలుపు తెలుపు ఫోటోకు మాత్రం మెల్లగా తేమ అందించాలి. గట్టి మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగున బాగా పిండిన తడి గుడ్డను పరచి, దాని మీద చిల్లుల పళ్లెం ఒకటి బోర్లించి, పళ్లెం మీద పొడి తెల్ల గుడ్డ వేసి, ఆ గుడ్డ మీద ఫోటోను బొమ్మ పైకి ఉండేలా పెట్టండి. మూతకు చేరిన నీటి చుక్కలు ఫోటో మీద రాలకుండా మూత కింద మరొక పొడి గుడ్డ బిగించి మూసేయండి. అరగంటకోసారి చూస్తూ ఉంటే రెండు నుంచి నాలుగు గంటల్లో ఫోటో తనంతట తానే విప్పుకోవడం మొదలవుతుంది. అప్పుడు బయటకు తీసి, బొమ్మ వైపు పలుచటి పాలిస్టరు గుడ్డ, దాని మీద అద్దుడు కాగితం, వెనుక వైపు మరొక అద్దుడు కాగితం ఉంచి, చదునైన పలక కింద పెట్టి, పలక మీద బరువు ఉంచండి. మరునాడు కాగితాలు మార్చి, వారం రోజులు అలాగే వదిలేయండి. రాత్రంతా డబ్బాలో ఉంచేస్తే బూజు పట్టవచ్చు, జెలటిన్ జిగురై గుడ్డకు అంటుకోవచ్చు. మొదటిసారి మీకు అక్కరలేని ఒక పాత ఫోటోతో ప్రయత్నించి చూసుకోండి. బూజు ఉన్నవాటికి, పెచ్చులు లేచినవాటికి, చేత్తో రంగులద్దినవాటికి, వెనుక సిరాతో రాతలున్నవాటికి ఈ పద్ధతి పనికిరాదు.

ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పట్టి చూడమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. తడిసిన జెలటిన్ వేడికి కరిగిపోతుంది. ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పనే అక్కరలేదు.

గోడ మీది పటాలు

సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఎలాగూ పటాలు కిందికి దిగుతాయి కాబట్టి, వాటిని తిరిగి తగిలించే ముందు ఒకసారి పరీక్షించండి. పటాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే, ఫోటో అద్దానికి అతుక్కున్న చోట తడిసినట్లు ముదురు మచ్చ కనిపిస్తుంది. అలా కనిపిస్తే పటాన్ని విప్పవద్దు. అద్దంతోనే నకలు తీసుకోండి. అతుక్కోకపోతే వెనుక అట్టను విప్పి చూడవచ్చు. చెదలు, వెండి రంగు పురుగులు సాధారణంగా ఆ అట్టలోనే కాపురం పెడతాయి.

మా తాత పటం విషయంలో నేను చేసిన పొరపాటు చెబుతాను. అద్దం పగిలిందని పటాలు కట్టే ఒక అంగడికి ఇచ్చి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను. అంగడాయన శుభ్రంగా చేయాలన్న ఉద్దేశంతోనే ఫోటో వెనుక అంతటా గమ్ పూసి చెక్క పలకకు అతికించేశాడు. రెండు వానాకాలాలకు చెక్క ఉబ్బింది, ఆ తరువాతి పొడి కాలంలో ఎండింది, ఫోటో నుదుటి మీదుగా నిలువునా చీలింది. కాబట్టి అంగడిలో ఇచ్చేటప్పుడే గమ్ వద్దని, ప్లైవుడ్ వద్దని, అద్దానికీ ఫోటోకూ మధ్య ఎడం ఉండేలా చుట్టూ మౌంటు అట్ట పెట్టమని చెప్పండి. ల్యామినేషన్ చేస్తే శాశ్వతంగా ఉంటుందని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. వేడితో అతికించిన ఆ పొరను ఇక ఎవరూ తీయలేరు.

అసలు ఫోటోను పెట్టెలో దాచి, గోడకు నకలు తగిలించడమే అన్నిటికన్నా మంచి పద్ధతి. దీపం మసి, అగరుబత్తి పొగ, తడి పూలదండ, చందనం, కుంకుమ అన్నీ పటం మీదకే చేరతాయి. బొట్టు పెట్టడం మానమని ఎవరికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. నకలు ఉన్న పటం అద్దానికి ఎంత పెద్ద బొట్టు పెట్టుకున్నా బాధ లేదు.

ఆల్బములు, నెగటివులు

పేజీ మీద జిగురు గీతలూ పైన పారదర్శక పొరా ఉండే ఆల్బములు ఒకప్పుడు పెళ్లి కానుకలుగా ఇంటింటికీ చేరాయి. ఆ జిగురు కాలక్రమంలో పసుపుబారి ఫోటోలకు కూడా మరక అంటిస్తుంది. పొరను మెల్లగా ఎత్తి, పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫోటో ఒక మూల కింద దూర్చి, రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ జిగురును తెగ్గొట్టుకుంటూ రావాలి. ఫోటో వంగుతోందనిపిస్తే అక్కడే ఆగి, పేజీ మొత్తాన్ని నకలు తీసి వదిలేయండి. 1970, 80లలో కడిగించిన రంగు ఫోటోలు చాలావరకు ఎర్రబారి ఉంటాయి. చీకట్లో దాచినా వాటి నీలి రంగు ముందుగా తరిగిపోవడమే దానికి కారణం. కాగితం మీద దానికి మందు లేదు, నకలులో కంప్యూటరు మీద కొంత సరిచేసుకోవచ్చు. నెగటివుల డబ్బా మూత తీయగానే వెనిగర్ పుల్లటి వాసన వస్తే ఆ ఫిలిము శిథిలమవుతోందని అర్థం. ఆ ఆమ్లం పక్కనున్న ఫిలిముకు కూడా సోకుతుంది కాబట్టి దాన్ని కాగితపు కవరులో వేరుగా పెట్టి, ముందుగా స్కాన్ చేయించండి. పాతవన్నీ మంటలో వేసే భోగి రోజున పిల్లలు నెగటివులను తీసుకెళ్లకుండా చూడండి. 1950కి ముందటి ఫిలిముల్లో కొన్ని నైట్రేటుతో చేసినవి, అవి భగ్గుమని అంటుకుంటాయి.

పేర్లు, ఊళ్లు, కాలం

ఇప్పటి వరకు చెప్పినదంతా కాగితాన్ని కాపాడే పని. కాగితం చెక్కుచెదరకుండా ఉన్నా అందులో ఉన్నది ఎవరో తెలియకపోతే ఆ ఫోటోను మీ మనవలు పారేస్తారు. చలికాలపు పండుగలకు ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పని జరగాలి.

అవ్వ ముందు ఒక్కసారి పది ఫోటోలకన్నా ఎక్కువ పెట్టకండి. ఇది ఎవరు అని అడగడం కన్నా ఇది ఎక్కడ, ఎవరి పెళ్లి, ఆ రోజు ఎవరు రాలేదు అని అడిగితే మాటలు వాటంతట అవే వస్తాయి. ఫోను రికార్డరును నడుస్తూ ఉండనివ్వండి. రాసేటప్పుడు పెద్దమ్మ, చిన్నాయన, మేనత్త అని వరుసలు మాత్రమే రాస్తే లాభం లేదు, ఎందుకంటే చెప్పే మనిషి మారితే వరుస మారిపోతుంది. ఇంటిపేరు, పేరు, ఊరు, ఎవరికి ఏమవుతారు అన్నవి నాలుగూ రాయండి. ఉత్త మునెమ్మ అని రాస్తే మన జిల్లాలో ఇంటికొక మునెమ్మ ఉంటుంది. పైగా తాత పేరే మనవడికి పెట్టడం మన ఆచారం, కాబట్టి ఒకే పేరున్న ఇద్దరిని విడదీసేది పుట్టిన ఊరో, భార్య పేరో అయి ఉంటుంది.

కాలం నిర్ణయించడానికి ఫోటో వెనుక వైపు తిప్పండి. స్టూడియో ముద్రలో నార్త్ ఆర్కాటు జిల్లా అని ఉంటే అది 1911కు ముందటి మాట కావచ్చు, చిత్తూరు జిల్లా ఏర్పడింది ఆ ఏడాదిలోనే. మద్రాసు రాష్ట్రం అని ఉంటే సాధారణంగా 1953 అక్టోబరుకు ముందు. చిరునామాలో 517501 అనో 517001 అనో ఆరంకెల పిన్‌కోడు ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు తరువాతది. తిరుమల కొండ మీదికి ఘాట్ రోడ్డులో మోటారు బండి పక్కన నిలబడి తీయించుకున్నదైతే 1944 తరువాతది, ఎందుకంటే మొదటి ఘాట్ రోడ్డు ఆ ఏటే తెరిచారు, రెండవది 1974లో వచ్చింది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకున్న గౌను ఫోటో 1954కు ముందు ఉండే అవకాశం లేదు. అరచేతిలో పట్టే చదరపు నలుపు తెలుపు ఫోటోలు చాలావరకు 120 ఫిలిము వాడే ఆగ్ఫా క్లిక్ వంటి బాక్సు కెమెరాలవి. మూలలో నారింజ రంగు అంకెలతో తేదీ ఉన్నవి 1980ల తరువాతివి, అయితే కెమెరాలో తేదీ సరిగా పెట్టని ఇళ్లే ఎక్కువ కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మవద్దు.

కొందరు పెద్దలు తెలుగు సంవత్సరం పేరు రాసి ఉంటారు. ఆ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. విశ్వావసు అని ఉంటే 1965-66 గాని, 1905-06 గాని కావాలి, ఆ రెండింటిలో ఏదో బట్టలూ కాగితమూ చెబుతాయి. ప్లవ అయితే 1961-62. సరిహద్దు పల్లెల్లో వెనుక రాత తమిళంలో ఉండడం మామూలే. తమిళం చదవగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే దాన్ని తెలుగులోకి రాయించుకోండి. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాక, గుడి గోపురం బొమ్మ వేసిన తెర ముందు కూర్చుని తీయించుకున్న గుండు ఫోటో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. గుండు ఎవరిదో గుర్తుపట్టగలిగితే ఆ పిల్లవాడి పుట్టిన సంవత్సరాన్ని బట్టి చుట్టూ ఉన్న అందరి వయసులూ తేలుతాయి. మా ఇంట్లో ఒకే గుండు కోసం ముగ్గురు అన్నదమ్ములు పోట్లాడుకున్నారు, చెవి పక్కనున్న పుట్టుమచ్చతో తగువు తీరింది.

వెనుక రాసేటప్పుడు బాల్ పెన్ను వాడితే గీత ముందు వైపుకు పొంగుతుంది. మెత్తటి పెన్సిలుతో, గట్టి పలక మీద పెట్టి, అంచు దగ్గర తేలికగా రాయండి. వెనుక ప్లాస్టిక్‌లా నున్నగా ఉండే రంగు ఫోటోల మీద పెన్సిలు అంటదు, వాటికి కవరు మీద ముందుగానే రాసి, తరువాత ఫోటోను లోపల పెట్టండి.

నకళ్లు, దాచడం

స్కానరు ఉంటే 600 డీపీఐ చాలు, బొటనవేలంత చిన్న ఫోటోలకు 1200 పెట్టండి. వెనుక వైపు రాతను కూడా స్కాన్ చేయండి. ఫోనుతో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపి, కిటికీ పక్కన నీడలో ఫోటోను పరచి, ఫోనును దానికి సమాంతరంగా పట్టుకోండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. ఒక నకలు ఇంట్లో హార్డు డిస్కులో, ఒకటి క్లౌడులో, ఒకటి చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లల దగ్గర ఉంటే సరిపోతుంది. మొహాలను మెరుగుపరిచే యాప్‌లు కళ్లనూ పళ్లనూ కొత్తగా కల్పిస్తాయి కాబట్టి వాటి ఫలితాన్ని వేరే పేరుతో దాచండి, అసలు ఫైలును చెరపవద్దు.

ఫోటోలను ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టడం ఉత్తమం. అవి దొరకకపోతే ఫోటోకాపీకి వాడే మంచి తెల్ల కాగితాన్ని మడిచి చేసుకున్న కవరైనా వార్తాపత్రిక కన్నా ఎన్నో రెట్లు మేలు. ప్లాస్టిక్ కావాలనుకుంటే పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టరు తీసుకోండి. ఘాటు వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. కలరా ఉండలు, కర్పూరం పెట్టెలో వేయకండి. వేపాకు వేస్తే పూర్తిగా ఎండినది, అదీ విడిగా గుడ్డ సంచిలో. తుప్పు లేని ఇనుప పెట్టెగాని, గట్టి అట్ట పెట్టెగాని తీసుకుని, బీరువా మధ్య అరలో, స్నానాల గది గోడకు ఆనకుండా పెట్టండి. అటక మీద పెడితే నలభై డిగ్రీల వేసవిలో స్లాబు వేడికి ఉడుకుతాయి, నేల మీద పెడితే చెదలుకూ వాన నీళ్లకూ అందుతాయి.

సిలికా జెల్ పొట్లాలను ఇప్పుడు పెట్టకండి. పొడి కాలంలో అవి మిగిలిన కొద్దిపాటి తేమను కూడా లాగేసి ఫోటోలను మరింత చుట్టుకునేలా చేస్తాయి. పాతవి ఉంటే తీసి డబ్బాలో మూసి ఉంచి, సెప్టెంబరు చివర, ఈశాన్య వానలకు ముందు పెట్టెలో వేయండి. జనవరిలో మళ్లీ తీసేయండి. ఈ రెండు తేదీలనూ, పెట్టెలో ఉన్న కవర్ల సంఖ్యనూ ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి మూత లోపలి వైపు అతికించకుండా, పైనున్న కవరు మీద పెట్టి మూసేయండి.